డిగ్రీయా, రిపేర్ల పనా: తేల్చుకోవడానికి నాకు పట్టిన మూడు నెలలు

నవంబరులో ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లి, చదువు మానుకునేవాళ్లకి ఇచ్చే దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను. ఒక్క కాగితం. పేరు, రోల్ నంబరు, కారణం, నా సంతకం, ఇంట్లో పెద్దవాళ్ల సంతకం. ఆ రాత్రే కారణం అన్నచోట "సొంత వ్యాపారం" అని రాసేశాను. సంతకం పొద్దున పెడదాంలే అని పక్కన పెట్టాను, ఎందుకంటే అప్పటికి టేబుల్ మీద మూడు లాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి, వాటిలో ఒకటి పొద్దున ఎనిమిదింటికల్లా ఇచ్చేయాలి.

ఆ సంతకం ఇప్పటికీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, ఆ తర్వాత మూడు నెలలు ఏమేం లెక్కలు వేసుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు, వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లు, నాలాగే చదువుకుంటూ ఏదో ఒక సర్వీసు పని మొదలుపెట్టి, అది కాస్త ఊపందుకోగానే ఎటు పోవాలో తెలియక నలిగిపోతున్నవాళ్లు చాలామందే ఉంటారని నాకు తెలుసు.

నేను ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం. మొదటి సంవత్సరంలో పక్కగది కుర్రాడి లాప్‌టాప్ ఆన్ అవ్వడానికి ఐదారు నిమిషాలు పట్టేది. లోపల నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాతరకం హార్డ్ డిస్కు ఉండేది. అది తీసేసి ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేమీ లేకుండా చిప్పుల మీదే డేటా దాచుకునే వేగమైన డిస్కు పెట్టి, ఉన్న డేటా అంతా దాంట్లోకి మార్చి ఇచ్చాను. పదిహేను సెకన్లలో ఆన్ అయ్యేసరికి వాడు దాన్ని పట్టుకుని ఆ ఫ్లోర్ అంతా తిరిగి చూపించాడు. ఆ వారమే ఇంకో నలుగురు వచ్చారు. రెండో సంవత్సరానికి ఇళ్ల నుంచి, చిన్న ఆఫీసుల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. ఫ్యాన్‌లో దుమ్ము తీసి థర్మల్ పేస్టు మార్చడం, ర్యామ్ పెంచడం, విరిగిన హింజ్ సరిచేయడం, కీబోర్డు మార్చడం, విండోస్ మళ్లీ ఎక్కించడం, పోయిందనుకున్న డేటా తీసివ్వడం, ఇవీ పనులు.

ఇక 2025 వేసవి నుంచి ఫోన్ ఆగలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని అందరికీ తెలిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉండాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. తమ దాంట్లో అవి ఉన్నాయో లేదో మామూలు మనిషికి తెలియదు. చాలా లాప్‌టాప్‌లలో టీపీఎం ఉంటుంది కానీ బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది, అది ఆన్ చేస్తే చాలు. అది చూసి చెప్పడానికే నన్ను పిలిచేవాళ్లు, పిలిచాక పనిలో పనిగా ఎస్‌ఎస్‌డీ కూడా వేయించుకునేవాళ్లు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నేను సంపాదించింది అంతకుముందు ఏడాది మొత్తం సంపాదించినదాంతో సమానం. ఆ రెండు నెలల అంకెలు చూసుకునే నేను ఫారం తెచ్చుకున్నాను. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అదే సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. కంట్రోల్ సిస్టమ్స్. అది పోవడానికి కారణమైన రాత్రి నాకు బాగా గుర్తుంది. పరీక్షకి ముందు సాయంత్రం, పీహెచ్‌డీ చివరి దశలో ఉన్న ఒక మేడమ్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. డిస్కు టక్, టక్ అని కొట్టుకుంటోంది. థీసిస్ అంతా దాంట్లోనే ఉంది, బ్యాకప్ ఎనిమిది నెలల కిందటిది. అలాంటి డిస్కుని విండోస్‌లో తెరవకూడదు, తెరిచినకొద్దీ ఇంకా చెడుతుంది. బయటికి తీసి వేరే మెషీన్‌కి తగిలించి డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రామ్ నడిపాను. అది ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ కాపీ చేసేసుకుంటుంది, మొరాయించే భాగాల జోలికి ఆ తర్వాత వెళ్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. దాని పక్కన నేను కూర్చోవాల్సిన పనేమీ లేదు. పుస్తకం తెరుచుకుని చదువుకోవచ్చు. కానీ కూర్చున్నాను, తెల్లవారుజామున నాలుగింటిదాకా ఆ శాతం పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. థీసిస్ ఫోల్డర్ మొత్తం వచ్చింది. పొద్దున ఆవిడ ఆఖరి అధ్యాయం ఫైలు తెరిచి చివరిదాకా కిందికి జరుపుకుంటూ వెళ్లి, ఏమీ మాట్లాడకుండా నా చేయి పట్టుకున్నారు. గంట తర్వాత నేను పరీక్ష హాల్లో రూట్ లోకస్ అనే గ్రాఫు గీయలేక కూర్చున్నాను.

మీరేమనుకుంటారో గానీ, ఆ రోజు నాకు బాధ కలగలేదు. పనికొచ్చే మనిషిని అనిపించింది. తరగతిలో మూడేళ్లుగా అలా అనిపించలేదు. చదువా వ్యాపారమా అని తూకం వేసేవాళ్లు డబ్బు గురించి మాట్లాడతారు గానీ, ఇరవై ఏళ్ల వయసులో ఒకరికి నా అవసరం పడింది అన్న తృప్తి డబ్బుకంటే గట్టిగా లాగుతుంది. నన్ను లాగింది ముఖ్యంగా అదే.

ఇంట్లో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. నాన్న "ఎందుకు మానేస్తున్నావో చెప్పావు, బాగుంది. మానేశాక సోమవారం పొద్దున లేచి ఏం చేస్తావో అది కూడా చెప్పు" అన్నారు. నా దగ్గర సమాధానం ఉందనుకున్నాను. ఫోన్లు వస్తాయి, వెళ్తాను. రాకపోతే? అని ఆయన అడగలేదు గానీ నాకే వినిపించింది.

అసలు దెబ్బ అక్క కొట్టింది. అక్క అకౌంట్స్‌లో పనిచేస్తుంది. రెండు నెలల లెక్క గర్వంగా చూపించాను. వచ్చింది ఇంత, స్పేర్ పార్టులకి ఇంత, బండి పెట్రోలుకి ఇంత, మిగిలిన లాభం ఇంత. అక్క రెండు నిమిషాలు చూసి "ఏరా, ఇందులో నీ జీతం ఏది?" అంది. మిగిలిందంతా నాదే కదా అన్నాను. "అలా కాదురా. నీ బదులు ఇంకొకణ్ణి పెడితే వాడికి నెలకి ఇవ్వాల్సింది ముందు తీసెయ్. తీశాక ఏదైనా మిగిలితే అదీ వ్యాపారం లాభం. మిగలకపోతే నువ్వు వ్యాపారం పెట్టలేదు, నీకు నువ్వే ఉద్యోగం ఇచ్చుకున్నావు" అంది. ఆ మాటకి చాలా కోపం వచ్చింది. కానీ నా జీతం తీయాలంటే నేను ఎన్ని గంటలు పనిచేశానో తెలియాలి. అది నాకు తెలియదు.

దాంతో ఒక నోటుబుక్కు కొన్నాను. ఆరు వారాలు ప్రతి పనికీ ఒక వరుస రాశాను: ఫోన్ మాట్లాడింది, వెళ్లి రావడం, పార్టు కోసం తిరగడం, చేత్తో చేసిన పని, కాపీ అవుతుంటే ఎదురుచూడటం, ఇచ్చేశాక వచ్చిన ఫోన్లు. మొబైల్‌లో కూడా రాసుకోవచ్చు, కానీ నోటుబుక్కు జేబులో గుచ్చుకుంటూ ఉంటే రాయడం మర్చిపోలేదు.

ఎస్‌ఎస్‌డీ మార్చడం ముప్పై ఐదు నిమిషాల పని అని అందరికీ చెప్పేవాణ్ణి. నిజంగానే చేతిపని అంతే. నోటుబుక్కులో మాత్రం సగటున రెండు గంటల యాభై నిమిషాలు తేలింది. ప్రింటర్ కనపడటం లేదు బాబూ, పాత ఫోటోలు ఎక్కడున్నాయి, డెస్క్‌టాప్ మీద ఆ గుర్తు ఏమైంది, ఇలా ఇచ్చేశాక వచ్చే ఫోన్లే ఒక్కో పనికి పాతిక నిమిషాలు. ఆరు వారాల్లో 41 పనులు చేశాను. మొత్తం 126 గంటలు పట్టింది. అందులో స్క్రూడ్రైవరో, సోల్డరింగ్ ఐరనో, కీబోర్డో చేతిలో ఉన్న సమయం 44 గంటలు. మిగతా 82 గంటలకి ఎవరూ డబ్బివ్వరు. నేను మాత్రం ఆ 44 గంటలకి వచ్చినదాన్నే లెక్కేసుకుని గంటకి ఇంత సంపాదిస్తున్నానని మురిసిపోయాను. మొత్తం గంటలకి పంచితే, డిగ్రీ పూర్తిచేసి మామూలు ఉద్యోగంలో చేరినవాడికి గంటకి పడేదానికంటే కొంచెం ఎక్కువ వచ్చింది, అంతే.

ఇంకో అంకె దీనికంటే పెద్దది. ఆ 41 పనుల్లో 23 విండోస్ 11 కోసమో, ఆ తేదీ భయంతోనో వచ్చినవి. అవి తీసేస్తే ఆరు వారాలకి పద్దెనిమిది, వారానికి మూడు. పైగా నవంబరు చివరికే ఆ రకం ఫోన్లు పలచబడటం మొదలైంది. ఇళ్లలో వాడేవాళ్లకి భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ కల్పించింది, దాంతో తొందర తగ్గింది. అప్పుడు అర్థమైంది నాకు, నా వ్యాపారం పెరగలేదు, ఒక తేదీ దగ్గరపడింది. వరద వచ్చినప్పుడు నిండిన చెరువుని చూసి ఏడాదంతా నీళ్లుంటాయని పొలం కొనబోయాను. ఈ ఒక్క వరుస విడిగా రాసుకోకపోయి ఉంటే సంతకం పెట్టేసేవాణ్ణి, అందులో సందేహం లేదు.

అదే సెమిస్టర్‌లో ఎకనామిక్స్ ఒక ఎలెక్టివ్‌గా ఉండేది. అందులో గ్యారీ బెకర్ గురించి చెప్పారు, 1992లో నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త. చదువుకి అయ్యే ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు, చదువుతున్నందువల్ల సంపాదించలేకపోయిన డబ్బు కూడా అందులో కలిపి చూడాలని ఆయన వాదన. అది వినగానే నా వాదనకి బలం దొరికిందనిపించింది. చూడండి, డిగ్రీకి నేను ఎంత వదులుకుంటున్నానో! కానీ అదే లెక్క రెండోవైపు నుంచి కూడా వేయాలి కదా. వదులుకునే సంపాదన ఎంత అన్నది వరద నెల అంకెతో వేస్తే ఒకటి, వారానికి మూడు పనులతో వేస్తే ఇంకొకటి. మొదటిదాంతో వేస్తే చదువు దండగ. రెండోదాంతో వేస్తే, మిగిలింది ఏడాదిన్నరే కాబట్టి, పూర్తి చేయకపోవడమే ఖరీదైన పని. రెండింటికీ సూత్రం ఒక్కటే.

స్నేహితులు బిల్ గేట్స్ పేరు చెప్పారు, జుకర్‌బర్గ్ పేరు చెప్పారు. చెప్పకుండా ఎవరుంటారు. గేట్స్ 1975లో, జుకర్‌బర్గ్ 2004లో హార్వర్డ్ వదిలారు, నిజమే. వాళ్లు గొప్పవాళ్లు, నేను కాదు అనే మాట పక్కన పెడదాం, ఆ పోలికలో నాకు కనపడిన తేడా వేరే. వాళ్లు చేసింది సాఫ్ట్‌వేర్. ఒకసారి రాస్తే పది మంది వాడినా కోటి మంది వాడినా మళ్లీ రాయనక్కరలేదు. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఇంకొకరు ముందుకెళ్లిపోతారు. నేను అమ్మేది గంటలు. పదిమందికి చేయాలంటే పది రెట్ల గంటలు కావాలి, వారానికి ఉన్నవి 168, అందులో నిద్రా తిండీ పోను ఎన్ని మిగులుతాయో మీకూ తెలుసు. ఇంకా చెప్పాలంటే, నా పని నా కోసం ఆగుతుంది. లాప్‌టాప్‌లు ఏడాదిన్నర తర్వాత కూడా చెడిపోతాయి.

ఇంకోటి చదివాను. 2020లో నలుగురు పరిశోధకులు అచ్చేసిన అధ్యయనం. అమెరికాలో కొత్తగా పెట్టిన కంపెనీల్లో అన్నిటికంటే వేగంగా ఎదిగిన వెయ్యిలో ఒకటి తీసుకుని చూస్తే, వాటిని పెట్టినవాళ్ల సగటు వయసు 45. అదే రంగంలో ముందు పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు గెలిచే అవకాశం బాగా ఎక్కువ. నాది అలా ఎదిగే కంపెనీ కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు" అని నా గుండెల్లో కొట్టుకుంటున్న టెన్షన్ ఆ 45 అంకె చూశాక చాలా తగ్గింది.

పుస్తకాల్లో దొరకనివి మనుషుల దగ్గర దొరుకుతాయని ఇద్దరిని కలిశాను. ఒకాయన ఇరవై ఏళ్ల పైనుంచి రిపేరు షాపు నడుపుతున్నారు. నేను పోటీదారుణ్ణి కదా, సరిగ్గా మాట్లాడరేమో అనుకున్నాను. ఆయన స్టూలు వేసి కూర్చోబెట్టి, తను చేస్తున్న పని చేస్తూనే చెప్పారు. "డిస్కు మార్చడం, విండోస్ వేయడం రేపు అందరూ చేసుకుంటారు బాబూ. కొత్తగా వచ్చే పల్చటి లాప్‌టాప్‌లు తెరిచి చూశావా? ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు, కొన్నిటిలో ఎస్‌ఎస్‌డీ కూడా అంతే. మార్చడానికి అక్కడేముంది? బోర్డు మీద చెయ్యి పెట్టగలిగినవాడే ఈ పనిలో మిగులుతాడు. నీకు బోర్డు వచ్చా?" రాదని చెప్పాను. ఎలక్ట్రానిక్స్ చదువుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

రెండోవాడు మా సీనియర్, రెండేళ్ల కిందట చదువు వదిలేసి ఇదే తరహా పని పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు, వదిలినందుకు బాధ లేదన్నాడు. కానీ ఒక మాట చెప్పాడు. "జ్వరమొచ్చి పదిహేను రోజులు పడుకున్నానురా. లేచాక ఫోన్ మళ్లీ మోగడానికి నెలన్నర పట్టింది." అంతే, దాని మీద ఇంకేమీ అనలేదు.

ఇక యూనివర్సిటీ ఆఫీసుకి మళ్లీ వెళ్లాను, ఈసారి రూల్స్ అడగడానికి. ముందే అడగాల్సింది. మానుకోవడం వేరు, బ్రేక్ తీసుకోవడం వేరు అని అప్పుడు తెలిసింది. మా దగ్గర ముందుగా అనుమతి తీసుకుంటే ఏడాది దాకా ఆపి మళ్లీ అదే సంవత్సరంలో చేరొచ్చు, అయితే సెమిస్టర్ మొదలైన ఇన్ని రోజుల్లోపే అడగాలి. మానేస్తే మాత్రం మళ్లీ కొత్తగా అడ్మిషన్. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో రూలు ఉంటుంది, మీది మీరు అడిగి తెలుసుకోండి, అదీ కాగితం మీద. కౌంటర్లో ఉన్నాయన నోటితో చెప్పింది ఒకలా ఉంది, రూల్స్ పుస్తకంలో రాసింది ఇంకోలా ఉంది.

సెమిస్టర్ సెలవులు ఐదు వారాలు వచ్చాయి. అప్పుడే ఒక పరీక్ష పెట్టుకుందాం అనుకున్నాను. క్లాసులు లేవు, పరీక్షలు లేవు, చదువు మానేసినవాడు ఎలా బతుకుతాడో అలాగే ఐదు వారాలు బతికి చూడాలి. పొద్దున తొమ్మిదింటికి టేబుల్ దగ్గర కూర్చోవాలి, సాయంత్రం ఏడింటిదాకా పనే. ఎవరు పిలిచినా కాదనకూడదు. ఇన్నాళ్లూ క్లాసుల వల్ల వదులుకున్న పనులన్నీ ఇప్పుడు వస్తాయని లెక్క.

మొదటి వారం నిండిపోయింది. రెండో వారం పర్వాలేదు. మూడో వారం మంగళవారం పదకొండింటికి టేబుల్ తుడిచాను, పన్నెండింటికి మళ్లీ తుడిచాను. బుధవారం ఒక్క ఫోను, అది కూడా పాత కస్టమర్ పాస్‌వర్డ్ మర్చిపోయి చేసింది. నాకు టైము లేకే వ్యాపారం పెరగడం లేదని ఏడాదిగా నమ్మాను. ఇప్పుడు టైము కావలసినంత ఉంది, పని లేదు. క్లాసుల వల్ల నేను కాదన్న పనులు వెనక్కి లెక్కపెట్టుకుంటే నెలకి నాలుగో ఐదో, అంతకంటే లేవు.

నాలుగో వారం ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకున్నాను, నేను లేకుండా పని నడుస్తుందా అని చూడటానికి. మంచి కుర్రాడు, జాగ్రత్త ఉంది. రెండోరోజే కీబోర్డు తీస్తూ దాని కింద ఉండే పల్చటి రిబ్బన్ కేబుల్ చింపేశాడు. కనెక్టర్ మీద చిన్న రెక్క ఉంటుంది, దాన్ని గోటితో పైకి లేపితే కేబుల్ దానంతటదే వదులుతుంది, అది లేపకుండా లాగాడు. తప్పు వాడిది కాదు, నాకు చేతికి అలవాటైపోయి చెప్పాలనే తోచలేదు. కొత్త కీబోర్డు మా డబ్బుతోనే వేశాం. ఇంకొకరికి నేర్పడం కూడా ఒక పనేనని, దానికీ గంటలు కావాలని నా లెక్కలో ఎక్కడా రాసుకోలేదు.

ఆ ఖాళీ వారంలోనే ఇంకోటి జరిగింది. అస్సలు ఆన్ అవ్వని లాప్‌టాప్ ఒకటి నా దగ్గర పడి ఉంది. మామూలుగా నేను ఇలాంటివాటికి "బోర్డు పోయిందండీ, మార్చాలి, మీకు గిట్టుబాటు కాదు" అని చెప్పి తిప్పి పంపేసేవాణ్ణి. ఎలాగూ పని లేదు కదా అని దాని ముందు కూర్చున్నాను. ఆ సెమిస్టర్‌లోనే పవర్ ఎలక్ట్రానిక్స్‌లో బక్ కన్వర్టర్ చదివాం, పెద్ద వోల్టేజీని చిన్న వోల్టేజీగా దించే సర్క్యూట్. పరీక్షకి బట్టీపట్టి రాశాను. బోర్డు మీద కాయిల్స్ వరుసగా కనపడుతుంటే, అవన్నీ బక్ కన్వర్టర్లలో భాగాలని మొదటిసారి కంటికి ఆనింది. అప్పటిదాకా అవి నాకు నల్లటి డబ్బాలు, అంతే.

అడాప్టర్ నుంచి 19 వోల్టులు వచ్చే లైను మల్టీమీటర్‌తో చూస్తే నేరుగా గ్రౌండ్‌కి షార్ట్. ఆ లైను మీద గోధుమరంగు సిరామిక్ కెపాసిటర్లు ఇరవై దాకా ఉన్నాయి, ఆవగింజంత ఉంటాయి, చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది చెడింది? ల్యాబ్ సార్ దగ్గరికి వెళ్లి బెంచ్ పవర్ సప్లై అడిగాను, సెలవుల్లో వచ్చినందుకు ఆశ్చర్యపోయి ఇచ్చారు. ఒక వోల్టు పెట్టి, కరెంటు పెరగకుండా పరిమితి పెట్టి, ఆ లైన్లోకి వదిలాం. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పోశాను. మొత్తం తడిగా మెరుస్తోంది. మూడు నాలుగు సెకన్లకి ఒక్క కెపాసిటర్ చుట్టూ మాత్రం తడి ఆరిపోయి పొడి మచ్చ కనపడింది. షార్ట్ అయింది వేడెక్కుతుంది, దాని మీద ఆల్కహాల్ ముందు ఆవిరైపోతుంది. దాన్ని పీకేసి, షార్ట్ పోయిందని మీటర్‌తో చూసుకుని, అదే విలువ, అదే వోల్టేజీ రేటింగ్ ఉన్నది ఇంకో పాడైన బోర్డు నుంచి తీసి వేశాం. లైటు వెలిగింది. సార్, నేను, ఇద్దరం కాసేపు ఆ లైటునే చూశాం.

ఈ కిటుకు వీడియోలు చూసి కూడా నేర్చుకోవచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 19 వోల్టుల లైన్లో ఒక్క వోల్టే ఎందుకు పెట్టాలి, కరెంటుకి పరిమితి ఎందుకు, అదే పని ప్రాసెసర్‌కి వెళ్లే లైను మీద చేయబోతే ఎందుకు ఆగి ఆలోచించాలి, ఇవి నాకు క్లాసులో చదివినదాంతోనే అర్థమయ్యాయి. ఆ షాపాయన "నీకు బోర్డు వచ్చా" అన్నది చెవిలో మోగుతూనే ఉంది. నేను వదిలేద్దామనుకున్నది సరిగ్గా ఆ బోర్డు నేర్పే చదువుని.

జనవరి చివర్లో ఇలా నిర్ణయించుకున్నాను. చదువు మానను, ఇప్పటికి బ్రేక్ కూడా తీసుకోను. ఫోన్లో పిలిచే చిన్నా చితకా సాఫ్ట్‌వేర్ పనులు పూర్తిగా ఆపేశాను, అవే గంటలు తినేసేవి. బోర్డు పనులు, డేటా రికవరీ, ఇవి మాత్రం తీసుకుంటాను, శనివారం పూర్తిగా, బుధవారం సాయంత్రం. పార్టులకి అడ్వాన్స్ లేకుండా ఆర్డర్ పెట్టను. పరీక్షలకి ముందు పది రోజులు ఏ పనీ ఒప్పుకోను, ఎవరు ఏడ్చినా సరే... అని రాశాను గానీ, చెడిపోతున్న డిస్కు పట్టుకుని ఎవరైనా వస్తే కాపీకి పెట్టి పుస్తకం తెరుస్తాను. మూడు చిన్న ఆఫీసులతో ఏడాది కాంట్రాక్టు మాట్లాడుకున్నాను, నెలకి రెండుసార్లు వెళ్లి అన్ని మెషీన్లూ చూసి బ్యాకప్‌లు సరిగ్గా అవుతున్నాయో లేదో చూసి రావడం. ఆ మూడు ఒకే దారిలో ఉన్నాయి, తిరుగుడు లేదు.

ఆ తర్వాతి రెండు నెలల లెక్క తీస్తే ఆదాయం మునుపటి మామూలు నెలల్లో వచ్చినదాంట్లో ఎనభై శాతం దాకా ఉంది, గంటలు సగానికంటే తగ్గాయి. పోయిన సబ్జెక్టుకి మళ్లీ ఫీజు కట్టాను. రూట్ లోకస్ ఇప్పుడు గీయగలను.

వ్యాపారం కల వదలలేదు, అది కూడా రాసి పెట్టుకున్నాను. కాంట్రాక్టుల నుంచి వచ్చే డబ్బొక్కటే వరసగా ఆరు నెలలు నా జీతం, ఒక కుర్రాడి జీతం రెండూ మోయగలిగితే, డిగ్రీ అయ్యాక ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టను, నేరుగా షాపు పెడతాను. అంతకుముందే ఆ స్థాయికి వస్తే బ్రేక్ అడుగుతాను, దాని చివరి తేదీ క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకున్నాను. అక్క ఆ కాగితం చదివి, నా జీతం గడి చూసి, తల ఊపింది. నాన్న ఏమీ అనలేదు గానీ సోమవారం ప్రశ్న మళ్లీ అడగలేదు.

పని కాదంటే కస్టమర్లు పోతారన్న భయం ఒకటి మిగిలి ఉండేది. మొన్న శనివారం నాలుగో ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు, కాంట్రాక్టు తీసుకుంటారా, ఈ వారమే మొదలుపెడతారా అని. నాకు పరీక్షలున్నాయండీ, మూడు వారాల తర్వాత వస్తానన్నాను. అటువైపు కాసేపు ఎవరితోనో మాట్లాడుకున్నారు. తర్వాత "సరే బాబూ, అప్పటిదాకా మా మెషీన్లలో ముందుగా చూసుకోవాల్సినవి ఏవైనా ఉంటే చెప్పు" అన్నారు. ముందు బ్యాకప్ తీసి పెట్టుకోండి, దాన్ని ఒకసారి తెరిచి కూడా చూసుకోండి అని చెప్పి ఫోన్ పెట్టేశాను.